వైకల్య అధ్యయనాలను డిగ్రీలో చదవడం ఎలా: ప్రవేశం నుంచి ప్రాజెక్టు దాకా

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "మా అమ్మాయికి చూపు తక్కువండీ. వికలాంగుల గురించే చదువుతానంటోంది. అలాంటి డిగ్రీ ఉందా? చదివితే ఏం ఉద్యోగం వస్తుంది?" అని తల్లిదండ్రులు అడుగుతారు. కొన్నిసార్లు పిల్లలే చేస్తారు. వాళ్లలో వైకల్యం ఉన్నవాళ్లూ ఉంటారు, ఇంట్లో తమ్ముడికో మేనత్తకో వైకల్యం ఉండి చిన్నప్పటి నుంచీ ఆ ప్రశ్నల మధ్యే పెరిగినవాళ్లూ ఉంటారు. నేను డిగ్రీ విద్యార్థులకు సోషియాలజీ చెబుతాను. నా కుడికాలికి పోలియో, క్యాలిపర్ వేసుకుని నడుస్తాను. ఫోనులో పది నిమిషాల్లో చెప్పలేకపోయినదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

## మొదటి అడుగు: ఏ చదువు కావాలో తేల్చుకోండి

పేరులో వైకల్యం అన్న మాట ఉన్నంత మాత్రాన అన్ని కోర్సులూ ఒకటి కావు. ప్రత్యేక విద్య చదివినవారు మేధో వైకల్యం, చూపు, వినికిడి సమస్యలు ఉన్న పిల్లలకు పాఠాలు చెబుతారు. వినికిడి పరీక్షలు, మాట చికిత్స చదివినవారు ఆసుపత్రుల్లో, కేంద్రాల్లో పనిచేస్తారు. ఈ వృత్తుల్లోకి వెళ్లాలంటే 1992 చట్టం కింద ఉన్న భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు చేసి, ఆ మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి నడుస్తున్న జాతీయ మేధో వైకల్య సాధికారత సంస్థ ఇలాంటి శిక్షణకు పెట్టింది పేరు. మీ మనసు పిల్లల మధ్య పనిచేయడం మీద ఉంటే నేరుగా అటే వెళ్లండి. అది గొప్ప పని, ఉపాధి కూడా త్వరగా దొరుకుతుంది.

వైకల్య అధ్యయనాలు వేసే ప్రశ్న వేరు. స్త్రీల అధ్యయనాలకూ ప్రసూతి వైద్యానికీ ఉన్నంత తేడా దీనికీ వైద్యానికీ ఉంది. ఒక ఉదాహరణ చెబితే తేలికగా అర్థమవుతుంది.

నేను చదువుకున్న చోట పరీక్షల విభాగం గదికి మూడు మెట్లు ఉండేవి. ఒక్కొక్కటి ఆరంగుళాలు, మొత్తం 18 అంగుళాల ఎత్తు. ఒక ఏడాది తనిఖీకి బృందం వస్తోందని తెలిసి హడావిడిగా పక్కనే ఒక ర్యాంపు కట్టారు. దాని పొడవు ఐదడుగులు. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల వాలు ఉండాలన్నది ప్రమాణం. ఆ లెక్కన అది 18 అడుగులు ఉండాలి. చక్రాల కుర్చీలో వచ్చే నా జూనియర్‌ను ఇద్దరు స్నేహితులు వెనక నుంచి బలం పెట్టి నెట్టేవారు. దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, ఒక్కో అంగుళం ఆపుకుంటూ దించేవారు. వానాకాలంలో ఆ నున్నటి గచ్చు మీద వాళ్ల చెప్పులే జారేవి. నివేదికలో మాత్రం "ర్యాంపు ఉంది" అన్న గడిలో టిక్కు పడింది.

వైద్యుడు అతని వెన్నెముకను చూస్తాడు. వైకల్య అధ్యయనాల విద్యార్థి టేపు పట్టుకుని ఆ ర్యాంపును కొలుస్తుంది. ఇది ఎవరి కోసం కట్టారు, ఎవరిని అడిగి కట్టారు, ఆ టిక్కు పెట్టిన చెయ్యి ఎవరిది, ఇన్నేళ్లూ ఆ గదికి మెట్లు మాత్రమే చాలని ఎవరు అనుకున్నారు అని అడుగుతుంది. ఈ ప్రశ్నలు మిమ్మల్ని కుదురుగా కూర్చోనివ్వకపోతే ఈ చదువు మీదే.

ఉద్యోగం సంగతి కూడా ఇక్కడే చెబుతాను, ఎందుకంటే ఇంట్లో మొదట అడిగేది అదే. ఈ పట్టా ఒక్కదానితోనే నియామకం జరిగే పోస్టులు తక్కువ. కానీ దీన్ని గట్టిగా చదివినవారు హక్కుల సంస్థల్లో, వెబ్‌సైట్లు, యాప్‌లు అందరికీ అందుతున్నాయో లేదో పరీక్షించే సాఫ్ట్‌వేర్ బృందాల్లో, పత్రికల్లో, న్యాయవాద వృత్తిలో, పరిశోధనలో స్థిరపడుతున్నారు. సమాజ శాస్త్రాలు బాగా వచ్చినవారికి పోటీ పరీక్షల దారి ఎలాగూ ఉంటుంది.

## రెండో అడుగు: ఎక్కడ చదవాలి

ఈ పేరుతోనే బీఏ ఇచ్చే విశ్వవిద్యాలయాలు ఎక్కువగా ఉత్తర అమెరికాలో ఉన్నాయి. కెనడాలో టొరంటో మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయం, ఒంటారియోలోని కింగ్స్ యూనివర్సిటీ కాలేజీ, చెప్పుకోదగ్గవి. అమెరికాలో టొలీడో విశ్వవిద్యాలయం 2025లో ఈ కోర్సులో కొత్త ప్రవేశాలు ఆపేసింది. బధిర సంస్కృతి, సంకేత భాషల మీద ఆసక్తి ఉంటే వాషింగ్టన్‌లో 1864లో పట్టాలిచ్చే అధికారం పొందిన గాలొడెట్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ బోధన సంకేత భాషలోనూ ఇంగ్లిషులోనూ సాగుతుంది. దరఖాస్తుకు ముందు ఒక విషయం రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి: ఆ కోర్సు పూర్తికాలమా, ఇంటర్ తర్వాత నేరుగా చేర్చుకుంటారా? ఈ రంగంలో కొన్ని కోర్సులు ఉద్యోగం చేసుకుంటూ చదివేవారి కోసం పెట్టినవి. విద్యార్థి వీసాకు అవి పనికిరావు.

డబ్బు మాట. వైకల్యం ఉన్న విద్యార్థులు విదేశాల్లో చదవడానికి కేంద్రం ఇచ్చే జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పీజీకీ పీహెచ్‌డీకీ మాత్రమే. అదీ ఏడాదికి 20 మందికి. బీఏకు రాదు. అందుకే నన్ను అడిగిన ప్రతి కుటుంబానికీ ఒకటే చెబుతాను: అప్పు చేసి డిగ్రీకి సముద్రం దాటించకండి. డిగ్రీ ఇక్కడ చదివి, పునాది గట్టిపడ్డాక పీజీకి వెళ్లవచ్చు.

మన దేశంలో ఈ విషయం ప్రధానంగా పీజీ స్థాయిలో బలపడింది. ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వైకల్యం మీద సోషల్ వర్క్‌లో పీజీ నడిపింది. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో వైకల్య అధ్యయనాల కేంద్రం ఉంది. అక్కడ పనిచేసిన అమితా ధాందా ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక చర్చల్లో పాల్గొన్నారు. ఆ స్థాయికి చేరాలనుకునే విద్యార్థి డిగ్రీ మూడు నాలుగేళ్లలో తన పాఠ్యక్రమాన్ని తానే కట్టుకోవాలి. మిగతా వ్యాసమంతా ఆ కట్టుకోవడం గురించే.

## మూడో అడుగు: ప్రవేశం, సబ్జెక్టులు, కాగితాలు

తెలంగాణలో దోస్త్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా సీటు వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023–24 నుంచి ఒక మేజర్, ఒక మైనర్ పద్ధతి వచ్చింది. నా ఓటు సోషియాలజీకి. అది లేకపోతే రాజనీతి శాస్త్రం. సైకాలజీని రెండో సబ్జెక్టుగా పెట్టుకుంటే మంచిదే. కానీ అదొక్కటే చదివితే సమస్య అంతా మనిషి లోపలే ఉందనుకునే అలవాటు పడుతుంది. తెలుగు సాహిత్యం వైపు మొగ్గు ఉన్నవాళ్లు నిస్సంకోచంగా దాన్నే తీసుకోండి. మంథర గూని నుంచి ధృతరాష్ట్రుడి చూపు దాకా, అష్టావక్రుడి ఎనిమిది వంకరల దాకా ఆరాలు తీయడానికి మన దగ్గర ఉన్నంత సరుకు చాలా చోట్ల లేదు.

వైకల్యం ఉన్న విద్యార్థులకు: వైకల్య శాతాన్ని తెలిపే సదరం ధ్రువపత్రం, యూడీఐడీ అనే కేంద్ర గుర్తింపు కార్డు ప్రవేశాలకు ముందే చేతిలో ఉండాలి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్ల రిజర్వేషన్, గరిష్ఠ వయసులో అయిదేళ్ల సడలింపు 2016 వికలాంగుల హక్కుల చట్టం 32వ సెక్షన్ ఇచ్చిన హక్కులు. పరీక్షలో రాత సహాయకుడికీ అదనపు సమయానికీ అర్హత ఉంటే, గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా ఇవ్వాలని కేంద్రం మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు. పరీక్షకు రెండు రోజుల ముందు కాకుండా, సెమిస్టర్ మొదలైన నెలలోనే రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. ఉపకార వేతనానికి జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ చూడండి.

## నాలుగో అడుగు: మొదటి ఏడాదిలో మాటలతో కుస్తీ

మొదటి ఏడాది పుస్తకాల కుప్ప అక్కర్లేదు. ఒక వాదన పుట్టుకను బాగా తెలుసుకుంటే చాలు.

బ్రిటన్‌లో కండరాల వ్యాధితో ఏళ్ల తరబడి వసతి గృహాల్లో గడిపిన పాల్ హంట్ 1972 సెప్టెంబరులో గార్డియన్ పత్రికకు ఒక ఉత్తరం రాశారు. మమ్మల్ని చూసుకునే సంస్థల గురించి మేమే మాట్లాడుకుందాం, ఒక సంఘంగా చేరదాం రండి అన్నది దాని సారం. దక్షిణాఫ్రికాలో జాతి వివక్షను ఎదిరించి జైలుకెళ్లి, తర్వాత బ్రిటన్ చేరిన విక్ ఫింకెల్‌స్టీన్ ఆయనతో కలిశారు. వాళ్ల సంఘం 1976లో ప్రచురించిన చిన్న పత్రం శరీరంలోని లోపాన్నీ, సమాజం పెట్టే అడ్డంకినీ విడదీసింది. నా కాలు పనిచేయకపోవడం ఒకటి. ఆ కాలితో బతకడానికి వీల్లేకుండా బడినీ బస్సునీ కట్టడం మరొకటి. వైకల్యం అనే పేరు ఆ రెండోదానికే చెల్లుతుందని వాళ్లు అన్నారు. 1983లో మైక్ ఒలివర్ దానికి సామాజిక నమూనా అని పేరు పెట్టారు.

ఇప్పుడు ఇదే మాటను తెలుగులో రాయడానికి కూర్చోండి. కలం ఆగిపోతుంది. ఇంగ్లిషులో ఇంపెయిర్‌మెంట్, డిజెబిలిటీ అని రెండు మాటలు ఉన్నచోట మనకు "వైకల్యం" ఒక్కటే ఉంది. "వికలాంగుడు" అన్న మాటలోనే అంగం ఉంది, అది వికలమైందన్న తీర్పూ ఉంది. కేంద్రం "దివ్యాంగులు" అంటోంది. తెలంగాణలో శాఖ పేరులో ఉన్న మాట వికలాంగులు, ఆంధ్రప్రదేశ్‌లో విభిన్న ప్రతిభావంతులు. ఒకే మనిషి విజయవాడ నుంచి హైదరాబాద్‌కు బస్సెక్కితే దారిలో పేరు మారిపోతుంది. నా విద్యార్థులు మొదటి నెలంతా దీనికి సరైన ఒక్క మాట కోసం వెతుకుతారు. నేను చెప్పేది ఏమిటంటే, ఒక్క మాట దొరక్కపోతే వాక్యం రాయండి. "ఆమె వైకల్యం వల్ల కళాశాల మానేసింది" అని రాసే బదులు "రెండో అంతస్తులో తరగతి పెట్టారు, లిఫ్ట్ లేదు, ఆమె మానేసింది" అని రాయండి. కర్త మారితే ఆలోచన మారుతుంది.

దీంతోపాటు ఒక నోటుపుస్తకం పెట్టుకుని సామెతలు, నుడికారాలు సేకరించండి. గుడ్డెద్దు చేలో పడ్డట్టు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, గుడ్డికన్నా మెల్ల మేలు, కుంటిసాకు. ప్రతి దాని పక్కన ఎవరు, ఎవరిని, ఏ సందర్భంలో అన్నారో రాయండి. మీ అమ్మమ్మ నోటి నుంచి వచ్చినదైనా సరే. ఆమెను తప్పుపట్టడం దీని ఉద్దేశం కాదు. మన భాష ఏ శరీరాన్ని తూకపు రాయిగా పెట్టుకుందో కంటికి కనబడుతుంది. నాకు తెలిసి ఏ పాఠ్యపుస్తకమూ ఇంత త్వరగా కళ్లు తెరిపించదు.

తర్వాత ఆ సామాజిక నమూనా మీద వచ్చిన విమర్శలు చదవండి. జెన్నీ మోరిస్, లిజ్ క్రో వంటి స్త్రీలు నొప్పినీ అలసటనీ లెక్కలోంచి తీసేశారని నిలదీశారు. టామ్ షేక్‌స్పియర్ లోపాన్నీ అడ్డంకినీ అంత శుభ్రంగా విడదీయలేమన్నారు. మన దేశంలో అనితా ఘాయ్ వంటివారు కుటుంబం, పెళ్లి, కులం, పేదరికం చర్చలోకి రాకుండా పాశ్చాత్య నమూనా ఇక్కడ అతకదని చూపించారు.

ఈ గొడవను మన నేల మీద పరీక్షించాలంటే నల్లగొండ ఫ్లోరోసిస్‌ను, అంటే తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు వంచే జబ్బును తీసుకోండి. తెలుగు నేల మీద ఈ జబ్బును 1937లోనే, నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి రాశారు. ఆ తర్వాత ఎన్ని తరాలు అదే రకం నీళ్లు తాగాయో లెక్కేయండి. వంగిన ఎముకలున్న మనిషి ఇంటికి ర్యాంపు కడితే కీళ్ల నొప్పి పోదు, కాబట్టి అడ్డంకులు తీసేస్తే చాలన్న వాదం ఇక్కడ సగమే నిలుస్తుంది. కానీ ఆ లోపమే నీళ్ల నుంచి వచ్చింది. మంచి నీళ్లు ఏ ఊరికి ముందు, ఏ ఊరికి తర్వాత అన్నది రాజకీయం. అంటే ఇక్కడ శరీరంలోని లోపం కూడా సమాజం తయారుచేసిందే. ఈ ఒక్క ఉదాహరణ మీద పది పేజీలు సొంతంగా రాయగలిగితే మీ మొదటి ఏడాది సఫలమైనట్టే.

## అయిదో అడుగు: చదవడానికి వీలు కల్పించుకోండి

రెండు గోడలుంటాయి. ఒకటి ఇంగ్లిషు. ఈ రంగంలో రాతలు చాలావరకు అందులోనే ఉన్నాయి, పైగా కొరుకుడు పడని శైలిలో ఉంటాయి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి నేను చెప్పే పద్ధతి ఇది: వారానికి ఒకే వ్యాసం, మూడుసార్లు. మొదటిసారి నిఘంటువు ముట్టకుండా చివరిదాకా వెళ్లండి. రెండోసారి ప్రతి పేరా పక్కన ఒక తెలుగు వాక్యం రాయండి. మూడోసారి పుస్తకం మూసి, దాని వాదనను ఇంట్లో ఎవరికైనా చెప్పండి. అమ్మకు చెప్పలేకపోతే మీకు అర్థం కానట్టే.

రెండో గోడ చూపు లేనివారికి ఎదురయ్యేది. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే తెర చదివే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. మా విద్యార్థి ఒకరు ఒక తెలుగు పుస్తకం పీడీఎఫ్ తెచ్చి దానికి ఇచ్చారు. తెర మీద చక్కటి తెలుగు అక్షరాలు కనిపిస్తున్నాయి. స్పీకర్‌లోంచి మాత్రం ఇంగ్లిషు అక్షరాలు, కామాలు, చుక్కలు, అంకెలు గజిబిజిగా దొర్లాయి. ఆ అబ్బాయి ఫైలు పాడైందేమో అనుకుని మళ్లీ మళ్లీ తెరిచాడు. ఫైలు బాగానే ఉంది. మన డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి వాడిన అను ఫాంట్లలో తెలుగు రూపం ఇంగ్లిషు అక్షరాల సంకేతాల మీద కూర్చుని ఉంటుంది. కంటికి "అ" కనిపిస్తుంది, యంత్రానికి వేరే అక్షరం వినిపిస్తుంది. యూనికోడ్‌లో టైపు చేసినదైతే సాఫీగా చదువుతుంది.

అలాంటి పీడీఎఫ్ ఎదురైతే దాన్ని బొమ్మగా భావించి గూగుల్ డ్రైవ్‌లో అక్షరాలుగా మార్పించండి. ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి, చూపున్న స్నేహితులతో దిద్దించుకోండి. ప్రచురణకర్తకు ఉత్తరం రాసి యూనికోడ్ ప్రతి అడగండి. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ, వికలాంగులు చదువుకునే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవడాన్ని అనుమతించింది. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. చూపున్న విద్యార్థులకు నా విన్నపం: ఈ కోర్సులో మీరు రాసే ప్రతి పేజీ యూనికోడ్‌లోనే ఉండాలి, పెట్టే ప్రతి బొమ్మకూ కింద రెండు వాక్యాల వర్ణన ఉండాలి. ఆ అలవాటు లేకుండా ఈ చదువు చదవకూడదు.

సంకేత భాష కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం పదివేల పదాల నిఘంటువును వీడియోలుగా ఉచితంగా ఉంచింది. రోజుకు అయిదు పదాలు నేర్చుకోండి. ఆ తర్వాత బధిరుల సంఘానికి వెళ్లి మాట్లాడటం నేర్చుకోండి, ఎందుకంటే వీడియో మీ తప్పును దిద్దదు.

## ఆరో అడుగు: చట్టం, లెక్కలు

రెండో ఏడాదిలో చట్టాన్ని మూలంలోనే చదవండి, గైడు వద్దు. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. 2016 చట్టం వాటిని 21 చేసింది. తలసీమియా, సికిల్ సెల్, ఆసిడ్ దాడి బాధితులు, ఆటిజం అందులోకి వచ్చాయి. ఆ మార్పు వెనక ఐక్యరాజ్య సమితి 2006 ఒడంబడిక ఉంది. దాన్ని భారత్ 2007 అక్టోబరు 1న ఆమోదించింది. రెండు తీర్పులు తప్పక చదవండి. 2021లో వికాస్ కుమార్ కేసులో, 40 శాతం గీత దాటకపోయినా పరీక్షలో రాత సహాయకుడిని నిరాకరించకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో, అందుబాటు ప్రమాణాలను సలహాలుగా వదిలేస్తే కుదరదు, తప్పనిసరి చేయాలని చెప్పింది. నా జూనియర్ ఎక్కిన ఆ అయిదడుగుల ర్యాంపు కథ ఈ రెండో తీర్పు చదివాక కొత్తగా అర్థమవుతుంది.

లెక్కల దగ్గర ఒక అభ్యాసం. 1941 నుంచి 1971 దాకా జనాభా లెక్కల్లో వైకల్యం గురించి అడగలేదు. 1981లో అడిగారు, 1991లో మళ్లీ వదిలేశారు. 2001లో అయిదు రకాలను అడిగితే 2.19 కోట్ల మంది తేలారు. 2011లో ఎనిమిది రకాలను అడిగితే 2.68 కోట్లు తేలారు. ప్రశ్న మారితే మనుషుల సంఖ్య ఎలా మారిందో ఒక పట్టిక వేసి, ఇంట్లో వైకల్యం ఉన్న ఆడపిల్ల గురించి తల్లి గణకుడికి చెప్పకపోతే ఆ పిల్ల ఏ గడిలో పడుతుందో ఆలోచించండి.

## ఏడో అడుగు: మనుషుల దగ్గరికి వెళ్లడం

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. చాలామంది దాన్ని నాలుగు ఫొటోలతో సరిపెడతారు. మీరు దాన్ని బంగారంలా వాడుకోండి. తెలంగాణ విద్యార్థులు మూడో ఏడాది ప్రాజెక్టును ఇటు తిప్పుకోవచ్చు.

చిన్న విషయం ఎంచుకోండి. "మా మండలంలో వికలాంగుల స్థితిగతులు" అన్నది విషయం కాదు. మీ ఊరి బస్టాండులో టికెట్టు కిటికీ ఎంత ఎత్తులో ఉంది, ఏ ప్రకటనలు మైకులో మాత్రమే వస్తున్నాయి, ఏవి బోర్డు మీద మాత్రమే ఉన్నాయి అన్నది విషయం. ధ్రువపత్రాల శిబిరంలో ఒక రోజు అన్నది విషయం. అక్కడ పొద్దున ఆరుకు వచ్చినవారు ఎంతసేపు, ఎక్కడ కూర్చుంటారో, మరుగుదొడ్డికి ఎలా వెళ్తారో రాయండి. 39 శాతం వచ్చినవారికీ 40 శాతం వచ్చినవారికీ మధ్య ఆ ఒక్క అంకె ఎంత విలువ చేస్తుందో లెక్కకట్టండి. 2024లో ఆంధ్రప్రదేశ్ పింఛను నెలకు ఆరువేలు చేసింది, తెలంగాణ 2023లో 4,016 రూపాయలు చేసింది. మూడు నెలల దినపత్రికలు తిరగేసి "వైకల్యాన్ని జయించి", "విధిని ఎదిరించి" అన్న శీర్షికలు ఎన్ని వచ్చాయో, ఆ కథల్లో మెట్ల గురించి, బస్సుల గురించి ఒక్క వాక్యమైనా ఉందో లేదో చూడడం కూడా చక్కటి ప్రాజెక్టే.

ఇక మర్యాద. ఇది పాఠ్యక్రమంలో ఉండదు కాబట్టి రాస్తున్నాను. చూపు లేనివారి చేయి లాగవద్దు, మీ మోచేయి అందించి అడగండి. చక్రాల కుర్చీ వాళ్ల శరీరంలో భాగం లాంటిది, దాని మీద చేయి వేసి మాట్లాడవద్దు. ఎదురుగా కూర్చోండి. పింఛను ఇప్పిస్తారేమోనన్న ఆశ కల్పించవద్దు, మీరు విద్యార్థి అని మొదటి నిమిషంలోనే చెప్పండి. ఎవరు వద్దన్నా, కారణం అడక్కుండా లేచి రండి.

మా విద్యార్థిని ఒకామె వినికిడి లేని ఒక దర్జీ గురించి రాయాలని వెళ్లింది. దుకాణంలో ఆయనా, ఆయన తమ్ముడూ ఉన్నారు. ఆమె ముప్పావుగంట తమ్ముడినే అడిగింది: మీ అన్నయ్యకు పెళ్లయిందా, ఎంత సంపాదిస్తారు, ఏమైనా బాధపడతారా. దర్జీ మిషను తొక్కుతూనే ఉన్నారు. ఉన్నట్టుండి ఆపి, పక్కనున్న లైనింగు గుడ్డ ముక్క తీసుకుని, కొలతలు గీసే సుద్దతో "నన్ను అడుగు" అని రాసి ఆమె ముందు పెట్టారు. ఆమె ఏడుస్తూ వచ్చింది. మర్నాడు ఒక పలకా సుద్దముక్కా పట్టుకుని మళ్లీ వెళ్లింది. ఆ రెండో రోజు వచ్చిన సమాచారం, మొదటి రోజు తమ్ముడు చెప్పిన దానికి సగానికి పైగా విరుద్ధంగా ఉంది. దుభాషి ఉన్నా ఇదే నియమం: చూపు మనిషి మీద ఉండాలి, దుభాషి మీద కాదు.

## ఎనిమిదో అడుగు: రాసి, తిరిగి ఇవ్వడం

నివేదికలో పేర్లు మార్చండి. చిన్న ఊరిలో "బస్టాండు పక్క దర్జీ" అంటేనే మనిషి తెలిసిపోతాడు కాబట్టి చోటు కూడా మార్చండి. జాలి పుట్టించే విశేషణాలన్నీ ఒకసారి గీత గీసి చూడండి, చాలావాటి అవసరం ఉండదు. కొలతలు, తేదీలు, వాళ్ల మాటలు ఉంచండి.

కళాశాలకు ఇచ్చే ప్రతి ఇంగ్లిషులో ఉంటే, ఎవరి గురించి రాశారో వాళ్లకు తెలుగు ప్రతి ఇవ్వండి. చూపు లేనివారికి చదివి వినిపించండి లేదా ఫోనులో ఆడియో పంపండి. ఆ దర్జీకి మా విద్యార్థిని పన్నెండు పేజీలు ఇచ్చింది. ఆయన ఎర్ర పెన్నుతో మూడు చోట్ల దిద్దారు. రోజుకు కుట్టే జాకెట్ల సంఖ్య తప్పు. తమ్ముడి వయసు తప్పు. మొదటి పేజీలో "దురదృష్టవశాత్తూ పుట్టుకతోనే" అన్నచోట మొదటి మాటను కొట్టేశారు. ఆమెకు సమర్పణకు రెండు రోజులే గడువు ఉండటంతో రాత్రంతా కూర్చుని మళ్లీ టైపు చేసింది. మీరు తెలుగు ప్రతిని కనీసం మూడు వారాల ముందే వాళ్ల చేతిలో పెట్టండి, దిద్దడానికి వాళ్లకూ తీరిక కావాలి.